ఇంకో దెబ్బ

షెడ్డులో ఆయన పేరు ఇంకోదెబ్బ. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ దాన్ని బ్యాంకువాళ్లు తప్ప ఎవరూ వాడలేదు. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, తళతళలాడే తీగల చక్రాలు ఉండే పాతకాలపు షోకు కార్లకు చక్రాలు బిగించడం ఆయన పని. ఆ చక్రాలకు మామూలు కార్లకున్నట్టు నాలుగైదు బోల్టులు ఉండవు. నడిమధ్యన ఒకే ఒక్క పెద్ద నట్టు, దానికి రెండు చెవులు. ఆ చెవి మీద రాగి సుత్తితో కొట్టి బిగించాలి, మళ్లీ కొట్టే విప్పాలి. షోకు దొరలు దాన్ని స్పిన్నరంటారు. షెడ్డులో మాత్రం అది చెవుల నట్టే. ఒక నట్టు వదులైతే ఒక చక్రం పోతుంది, ఒక చక్రం పోతే లోపలున్న ఇద్దరూ పోతారు, ఇదీ ఆయన లెక్క. అందుకే బిగించడం అయిపోయి, సుత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకున్నాక కూడా ఒకసారి తల గోక్కుని, "ఇంకో దెబ్బ" అంటూ వెనక్కి వెళ్లేవాడు. ఆ పేరు అలా వచ్చింది.

ఆయన పిరికివాడు. ఈ మాట దాచిపెట్టి లాభం లేదు, ఆయనే దాచుకోలేదు. మనుషులంటే భయం లేదు, చీకటంటే భయం లేదు. వదులుగా ఉన్న వస్తువంటే భయం. గోడకి వేలాడే పటం, తలుపు బందు, నిచ్చెన మెట్టు, ఏది చూసినా ముందు చెయ్యి వేసి కదిపి చూసేవాడు. చుట్టాల పెళ్లికి వెళ్తే, అందరూ భోజనాల దగ్గరకి పోతుంటే ఆయన బయట ఆగి ఉన్న కార్ల మధ్య వంగి వంగి చక్రాలు చూస్తూ దొరికేవాడు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు ఈ మనిషిని వెంటబెట్టుకుని ఎక్కడికీ పోలేనని భార్య అనేది. అలా అంటూనే వెంటబెట్టుకుని వెళ్లేది.

ఈ భయం పుట్టుకతో వచ్చింది కాదు. మీసాలు మొలుస్తున్న రోజుల్లో మేస్త్రీ దగ్గర పని నేర్చుకుంటూ, ఒకసారి ఆ మేస్త్రీ పక్క సీట్లో కూర్చుని బండి పరీక్షకు వెళ్లాడు. నట్టు బిగించింది మేస్త్రీయే. ఖాళీ రోడ్డు, చల్లటి గాలి, మేస్త్రీ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ఇంతలో ఒక తీగల చక్రం వాళ్ల పక్కనుంచి వచ్చి, బండిని దాటుకుని, తీరుబడిగా ముందుకు పోయింది. "ఎవరిదిరా ఆ చక్రం?" అని మేస్త్రీ నవ్వాడు. నవ్వుతుండగానే బండి ఆ మూల కుప్పకూలి, రోడ్డు మీద నిప్పులు చెరుగుతూ గోడ దాకా ఈడ్చుకుపోయి ఆగింది. ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు. మేస్త్రీ ఆ సంగతి బతికినంత కాలం అందరికీ చెప్పుకుని నవ్వాడు. ఇద్దరూ ఒకే బండిలో కూర్చున్నారు, ఒకే చక్రాన్ని చూశారు. మేస్త్రీకి అది కథ అయింది, ఈయనకు జబ్బయింది.

కూతురు కడుపులో ఉన్నప్పుడు ఆయన కోరుకున్నది ఒక్కటే. తన చట్టి ముక్కు వచ్చినా ఫర్వాలేదు, పొట్టితనం వచ్చినా ఫర్వాలేదు, ఈ భయం మాత్రం రాకూడదు. దేవుడు మాట విన్నాడు. ముక్కూ వచ్చింది, పొట్టితనమూ వచ్చింది, భయం మాత్రం మచ్చుకైనా రాలేదు. నడక రాగానే మేడ పిట్టగోడ ఎక్కింది. స్కూల్లో ఉండగా నీళ్ల ట్యాంకు నిచ్చెన మీద చివరిదాకా పోయి కిందికి చేతులూపింది. ఆయన కింద నిలబడి ఊపిరి బిగబట్టి చూసేవాడు. అయినా లోపల ఎక్కడో చెప్పలేనంత సంతోషంగా ఉండేది. తనకు లేని ధైర్యం తన పిల్లకు ఉందంటే తండ్రికి అంతకంటే ఏం కావాలి?

ఆ పిల్ల చదువు ముగించి, ఒక ఆఫీసులో కంప్యూటరు ముందు కొంతకాలం కూర్చుని, కూర్చోలేక లేచి వచ్చేసింది. "నాన్నా, నీ పని నేర్పు" అంది. ఆయన భార్య వంక చూశాడు. భార్య కూర తరుగుతూ తల ఎత్తకుండానే, "పని నేర్పు. భయం నేర్పకు" అంది.

అప్పట్నించీ నేర్పుతూనే ఉన్నాడు. చక్రాన్ని జాకీ మీద గాల్లోకి లేపి ఉంచే బిగించాలి, నేల మీద ఉంటే బరువుకి ఓరగా కూర్చుంటుంది. చక్రం తొడిగే హబ్బు మీద పళ్లకీ, నట్టు ఎక్కే మరలకీ పల్చగా గ్రీజు పట్టించాలి. ఇనప సుత్తి ముట్టుకోకూడదు, పైపూత చిట్లుతుంది. దెబ్బ పడుతున్న కొద్దీ మొద్దు చప్పుడు పోయి కంగుమని మోగాలి, అక్కడితోనూ ఆగకూడదు. ఇల్లలకగానే పండగ కాదు, కొంతదూరం నడిపాక ఆపి మళ్లీ చూడాలి. రెండు పక్కల మరలూ ఒకేలా ఉండవు, ఒకటి కుడికి ఎక్కితే ఇంకోటి ఎడమకి ఎక్కుతుంది. కాబట్టి ముందు వేలితో మరని తడిమి చూసుకో, అది ఎటు ఎక్కితే అటు కొట్టు, బలవంతం చేశావంటే మర చెడుతుంది. ఇవన్నీ చెప్పాడు.

చెప్పనిది ఒకటి మిగిలింది. దాచి కాదు, అది చెప్పాల్సిన సంగతని ఆయనకే తట్టలేదు. ఈ నట్టుకు మర ఎలా కోస్తారంటే, బండి ముందుకు పరిగెత్తేకొద్దీ అది ఇంకా బిగుసుకుంటుంది. అందుకని ఏ పక్క చక్రమైనా సరే, బిగించేటప్పుడు పైచెవిని బండి వెనక్కి కొట్టాలి, విప్పేటప్పుడు బండి ముందుకు కొట్టాలి. ముందుకు కొడితే బిగుస్తోందంటే, హబ్బులు ఈ పక్కవి ఆ పక్క పడ్డాయన్నమాట. ఇక ఆ బండి ఎంత పరిగెత్తితే నట్టు అంత వదులవుతుంది. ఈ సంగతి ఆయన చేతికి తెలుసు. చేతికి తెలిసింది నోటిదాకా రాలేదు.

ఆ రోజుల్లోనే పళ్ల డాక్టరుగారి ఎర్రకారు షెడ్డుకి వచ్చింది. నోరు తెరిచిన ప్రతివాణ్నీ వణికించే వృత్తిలో ఉండి, తాను మాత్రం దేనికీ వణకని మనిషి ఆయన. మంచివాడు, నవ్వుమొహం, కాకపోతే కారెక్కితే కాలు ఆగదు. ముందు చక్రాల హబ్బుల మీద పళ్లు అరిగిపోయాయి. వాటిని విప్పి లేతు షాపుకి పంపారు. ఈలోగా కారు ముందుభాగాన్ని ట్రాలీ మీదకెక్కించి, పక్కనున్న రంగుల షెడ్డుకి నెట్టుకెళ్లారు. కొత్త రంగు పడ్డాక కారు పెళ్లికూతురిలా తయారైంది.

షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పొడుగాటి గది, ఒక చివర గేటు. ఒక గోడకి కిటికీ, ఎదుటి గోడ వెంబడి మెట్లు. కారు ఏది వచ్చినా ముక్కు లోపలికే పెట్టి వస్తుంది. కిటికీ వైపున్న చక్రం సామాను కిటికీ కింద బల్ల మీద, మెట్ల వైపు చక్రం సామాను మెట్ల కింద బల్ల మీద పెడతారు. గుర్తులు పెట్టడాలు, రాసుకోవడాలు లేవు. ఇన్నేళ్లలో ఒక్క వాషరు కూడా తారుమారు కాలేదు.

రంగు వేసిన కారు తిరిగి వచ్చేటప్పుడు ఇంకోదెబ్బ గేటు దగ్గర నిలబడి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. గేటు ఇరుకు, పక్కనే రాతి స్తంభం. డాక్టరుగారు కారు తీసుకెళ్లేటప్పుడు రివర్సులో దూకిస్తాడు, స్తంభానికి గీసుకుందంటే కొత్త రంగంతా పోతుంది.

"తోక ముందు పెట్టి లోపలికి నెట్టండి. వెళ్లేటప్పుడు ముక్కుతో తిన్నగా పోతాడు."

బావమరిది నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. షెడ్డులో బేరింగుల పని అతనిది, వేళాకోళం పని కూడా అతనిదే. "కార్లన్నీ మన షెడ్డులోకి ముక్కుతోనే కదా బావా వచ్చేది. దీనికి ఎదురుకాళ్ల పుటకేంటి?"

"నా మాట వినరా ఒక్కసారి."

విన్నారు. ఎర్రకారు తోకతో లోపలికి వచ్చి, ముక్కు గేటు వైపు పెట్టుకుని నిలబడింది. తరవాత లేతు షాపునుంచి హబ్బులు వచ్చాయి. ఇంకోదెబ్బ వాటి మరల్ని వేలితో తడిమి, ఏది ఎక్కణ్నించి వెళ్లిందో చూసుకుని, జాగ్రత్తగా కిటికీదాన్ని కిటికీ బల్ల మీద, మెట్లదాన్ని మెట్ల బల్ల మీద పెట్టాడు. బావమరిది ఏ బల్ల మీది హబ్బుని ఆ పక్కకి ఎక్కించాడు. ఎవరి పని వాళ్లు ఎప్పట్లాగే చేశారు.

మర్నాడు చక్రాలు బిగించాలి. ఆయన రాగి సుత్తిని కూతురి చేతిలో పెట్టాడు.

"ముందు చక్రాలు రెండూ నువ్వే బిగించు. నేను దగ్గరికి రాను."

"వచ్చినా ఫర్వాలేదులే నాన్నా."

"రాను. వస్తే ఊరుకోలేను."

టీ గ్లాసు పట్టుకుని గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. అంత దూరంనుంచి కూతురి భుజం, చెయ్యి, సుత్తి కనిపిస్తున్నాయి. ఆమె వేలితో మర తడిమింది, చక్రం ఎక్కించింది, నట్టు తిప్పింది, కొట్టడం మొదలుపెట్టింది. దెబ్బ దెబ్బకీ సుత్తి ఆయన వైపే వస్తోంది. ఆ షెడ్డులో బిగించే దెబ్బ ఎప్పుడూ గేటు వైపే పడుతుంది, ఆయన కళ్లకి అదే అలవాటు. మొద్దు చప్పుడు పోయి కంగుమన్న మోత వచ్చింది. ఆమె ఆగలేదు, ఇంకా కొట్టింది. రెండో పక్కా అంతే. ఆయనకు లేచి వెళ్లి ఇంకో దెబ్బ వెయ్యాలని అరచేతులు దురద పెట్టాయి. భార్య మాట గుర్తుకు తెచ్చుకుని, గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. బతుకులో మొదటిసారి, ఒక చక్రాన్ని చెయ్యి వెయ్యకుండా వదిలేశాడు. ఆ పట్టుదలకి తనను తానే మెచ్చుకున్నాడు కూడా.

డాక్టరుగారు వచ్చి కారు చుట్టూ తిరిగి మురిసిపోయాడు. "కొండ రోడ్డు మీద ఒక తిప్పు తిప్పి తెస్తాను. రా అమ్మా, ఏదైనా చప్పుడొస్తే నువ్వే వినచ్చు" అన్నాడు. ఆమె సుత్తి, జాకీ సీటు వెనక పడేసి ఎగిరి కూర్చుంది. ఫోను చార్జింగులోనే ఉండిపోయింది. ఎర్రకారు ముక్కుతో తిన్నగా, స్తంభానికి తగలకుండా, దర్జాగా గేటు దాటింది.

ఆయన కారు నిలబడిన చోట ఊడుద్దామని రంపపు పొట్టు డబ్బా తెచ్చాడు. ఇంజనునుంచి కారిన నూనె చుక్కలు గచ్చు మీద ఉంటాయి, వాటి మీద పొట్టు చల్లడం రోజూ ఉండే పనే. అలవాటుగా లోపలి గోడ దగ్గరకి వెళ్లి చల్లబోయాడు. అక్కడ చుక్కల్లేవు, గచ్చు శుభ్రంగా ఉంది. వెనక్కి తిరిగి చూస్తే గేటు దగ్గర, తాను టీ తాగిన స్టూలుకి కాస్త ఎదురుగా, నల్లటి మరక. ఇంజను ఇటుందేమిటి అనుకున్నాడు. అవును, తోకతో తెచ్చాం కదా, ముక్కు ఇటే కదా.

ముక్కు ఇటు. సుత్తి కూడా ఇటే వచ్చింది.

డబ్బా చేతిలోంచి జారిపోయింది. కూతురు బండి ముందుకు కొట్టి బిగించింది. అటే బిగిసింది. కంగుమని మోగింది. కిటికీ గోడ, మెట్ల గోడ, రెండు బల్లలు, అన్నీ ఆయన కళ్ల ముందు తలకిందులయ్యాయి. కారు తిరిగింది, బల్లలు తిరగలేదు. ఈ పక్క హబ్బు ఆ పక్కకి పోయింది.

బావమరిది పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది బావా, సుగరు పడిపోయిందా?"

"హబ్బులు మారిపోయాయిరా."

"ఏ హబ్బులు?"

"ఎర్రకారువి. మనం కారుని తిప్పి పెట్టాం, సామాను తిప్పలేదు. చక్రాలు వదులైపోతాయి. పిల్ల అందులో ఉంది."

బావమరిది వ్యాను తాళం కోసం పరిగెత్తాడు.

డాక్టరుగారికి ఫోను చేస్తే మోగుతోంది, మోగుతోంది, ఆగిపోతోంది. కారు నడిపేటప్పుడు ఫోనెత్తనని అందరికీ గొప్పగా చెప్పుకునే మనిషి. అది మంచి అలవాటే. ఆ మంచి అలవాటును ఇంకోదెబ్బ దారంతా తిట్టుకున్నాడు. కూతురికి చేస్తే ఆ ఫోను షెడ్డులో బల్ల మీద మోగుతుందని తెలిసి కూడా ఒకసారి చేశాడు.

వ్యాను ఊరు దాటడమే గగనమైంది. అడ్డం వచ్చిన ప్రతి బండీ కావాలని అడ్డం వచ్చినట్టే ఉంది. ఒకచోట రోడ్డు తవ్వి సగం మూసేశారు, జెండా పట్టుకున్న కుర్రాడు అవతలి బండ్లన్నిటినీ వదులుతున్నాడు. బావమరిది తల బయటికి పెట్టి బతిమాలాడు. ఇంకోదెబ్బ మనసులో నట్టు తిరుగుతోంది. చక్రం ఒక్కో చుట్టు తిరుగుతుంటే నట్టు వెంట్రుకవాసి వదులుతుంది. కొండ ఎక్కేటప్పుడు డాక్టరు మెల్లగా పోతాడా? పోడు. మలుపులో చక్రం మీద పక్కబరువు పడుతుంది. మలుపుకి ఒక పక్క కొండ, రెండో పక్క ఏమీ లేదు. ఎన్నేళ్లుగానో అందరూ నవ్విన భయాలన్నీ ఇప్పుడు కట్టగట్టుకుని వచ్చి, ఏం, మేం చెప్పలేదా అన్నట్టు ఎదురుగా కూర్చున్నాయి.

అన్నిటికంటే ముల్లులా గుచ్చుకున్నది ఇంకోటి. ఆ కారుని తోకతో తెమ్మన్నది ఎవరు? ఎవరూ అడగలేదు, డాక్టరూ అడగలేదు. ఒక గీత పడుతుందన్న భయంతో తనే తిప్పించాడు. ఇంతకాలం తన భయం నలుగుర్ని కాపాడుతోందనే లోపల ఒక నమ్మకం ఉండేది, అందుకే ఎంత వెక్కిరించినా సహించాడు. ఆ భయమే ఇప్పుడు చక్రం విప్పి పిల్లని అందులో కూర్చోబెట్టింది. భార్యకి ఏం చెప్పాలి? అంతదాకా ఆలోచించి ఆపేశాడు. ఆపకపోతే వ్యానులోంచి దూకేసేవాడేమో.

కొండ మొదట్లో జనం గుమిగూడి ఉన్నారు. బండ్లు ఆగిపోయాయి. ఆయన తలుపు తీసుకుని దిగబోయి పడ్డాడు, మోకాలు చీరుకుపోయింది, లేచి జనాన్ని తోసుకుంటూ వెళ్లాడు. మధ్యలో ఒక లారీ పక్కకి ఒరిగి ఉంది, రోడ్డంతా బంగాళదుంపలు. పిల్లలు గౌన్లలోకి ఏరుకుంటున్నారు. ఎర్రకారు ఎక్కడా లేదు. "ఎర్రకారు, పొట్టిది, పైకప్పు లేనిది" అని కనిపించినవాణ్నల్లా అడిగాడు. "ఇందాక పైకి పోయింది, ఒకమ్మాయి కూడా ఉంది" అన్నాడొకడు. పోయింది అన్న మాట ఆయనకు వేరేగా వినపడి, అక్కడే కూలబడబోయాడు. బావమరిది రెక్క పట్టుకుని లాక్కొచ్చి వ్యానులో కూర్చోబెట్టాడు.

దుంపల మధ్యనుంచి దారి చేసుకుని పైకి పోయారు. మొదటి మలుపులో ఏమీ లేదు. ఆయన లోయ వైపు చూడలేక రోడ్డు మీద గీతలు వెతికాడు, ఇనుము ఈడ్చుకుపోయిన గీతలు. లేవు. రెండో మలుపు దాటాక కొండ పక్కన, గట్టుకి దాదాపు ఆనుకుని, ఎర్రకారు నిలబడి ఉంది. చక్రాలు నాలుగూ ఉన్నాయి. డాక్టరుగారు చేతులు కట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు, మొహం ముడుచుకుని. కూతురు చక్రం ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒడిలో రాగి సుత్తి ఉంది, ఒక చేతి గుప్పిట మూసి ఉంది.

ఆయన దగ్గరికి వెళ్లి తల మీద చెయ్యి వేశాడు. తల ఉంది, వెచ్చగా ఉంది. భుజం తడిమాడు, చెయ్యి తడిమాడు. ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"ఈ అమ్మాయి తాళం లాగేసుకుందయ్యా" అన్నాడు డాక్టరుగారు. "మాటిమాటికీ ఆపమంటుంది, దిగుతుంది, కొడుతుంది. బాగానే ఉంది కదమ్మా అంటే వినదు. చివరికి తాళం తీసి పిడికిట్లో పెట్టుకుని కూర్చుంది."

కూతురు తండ్రి వంక చూసింది. పెదవులు తెల్లబడి ఉన్నాయి. అంత మెల్లగా ఆమె మాట్లాడగా ఆయన ఎన్నడూ వినలేదు.

"షెడ్డులోనే నట్టు మీదా చక్రం మీదా కలిపి సుద్దతో ఒక గీత గీసుకున్నా నాన్నా. కదిలితే తెలుస్తుందని. కొండ మొదట్లో ఆపించి చూస్తే నట్టు మీద గీత పక్కకి జరిగి ఉంది. గట్టిగా కొట్టి, మళ్లీ గీత కలిపా. మొదటి మలుపు దగ్గర చూస్తే మళ్లీ జరిగింది. రెండు పక్కలా జరిగింది. నేను సరిగ్గానే బిగించా. అయినా వచ్చేస్తోంది. ఎందుకో తెలీలేదు." ఆగి ఊపిరి పీల్చుకుంది. "భయమేసింది."

ఆయన వంగి నట్టుని చూశాడు. చూడకముందే తెలుసు, అయినా చూశాడు. సుద్దగీత రెండు ముక్కలుగా, ఎడంగా ఉంది. బావమరిది కూడా చూసి తల పట్టుకున్నాడు.

"నీ చేతి తప్పు కాదమ్మడూ" అన్నాడు ఆయన. "హబ్బులు ఈ పక్కవి ఆ పక్కకి ఎక్కాయి. అలా ఎక్కితే ఎవరు బిగించినా నిలవదు, నేను బిగించినా నిలవదు. కారుని తిప్పి పెట్టించింది నేను. తప్పు నాది." తరవాత డాక్టరుగారి వైపు తిరిగి అదే మాట మళ్లీ చెప్పి, చేతులు జోడించాడు. డాక్టరుగారు ఏదో నవ్వులాట ఆడబోయి, రోడ్డు అవతలి అంచు వైపు చూసి, తరవాత తన ముందు చక్రం వైపు చూసి, గట్టు మీద మళ్లీ కూర్చుండిపోయాడు. "ఇంకో మలుపులో..." అన్నాడు.

కారుని కిందికి మోసుకుపోవడానికి లారీని పిలిపించారు. అది వచ్చేదాకా బావమరిది డాక్టరుగారితో అక్కడే ఉంటానన్నాడు. తండ్రీకూతుళ్లు వ్యాను దగ్గరికి నడిచారు. నడవబోయే ముందు ఆమె తాళాన్ని మావయ్యకి ఇవ్వబోతే వేళ్లు వెంటనే విచ్చుకోలేదు. తాళం పళ్లు అరచేతిలో దిగి ఎర్రగా అచ్చు పడింది.

వ్యాను తలుపు దగ్గర ఆగింది.

"మొదటిసారి గీత జరిగినప్పుడు ఏమీ అనిపించలేదు నాన్నా. రెండోసారి చూసినప్పుడు కడుపులో ఏదో అయింది. కాళ్లు నావి కానట్టు. ఇప్పటికీ అలాగే ఉంది. నీకూ ఇలాగే ఉంటుందా?"

"ఇలాగే ఉంటుంది."

"రోజూనా?"

"రోజూ."

"మరి పోతుందా ఇది?"

పోతుందమ్మా, రేపటికి పోతుంది అని చెప్పాలని ఆయనకు ఎంతగానో ఉంది. మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ బిగిసిందో లేదో తెలియని నట్టుని బిగిసిందని చెప్పే అలవాటు ఆయనకు లేదు.

"నాకు పోలేదు" అన్నాడు.

ఆమె తల ఊపింది. వ్యాను ఎక్కబోయి, మళ్లీ కాలు కిందికి దింపింది. వ్యాను చుట్టూ నడుస్తూ, ఒక్కో చక్రం దగ్గరా వంగి, ఒక్కో నట్టునీ వేళ్లతో పట్టి కదిపి చూడటం మొదలుపెట్టింది. చిన్నప్పుడు నీళ్ల ట్యాంకు మీంచి చేతులూపిన పిల్ల. ఆయన స్టీరింగు ముందు కూర్చుని అద్దంలో ఆమెనే చూశాడు. పిల్ల దక్కింది. ఆ సంతోషం గుండె నిండా ఉంది. షెడ్డు, సుత్తి, పనితనం, తనకున్నదంతా ఆమెకే ఇవ్వాలనుకున్నాడు, ఈ ఒక్కటీ తప్ప. ఇప్పుడు ఇదీ ఇచ్చేశాడు. అది తలచుకుని మళ్లీ కళ్లు తుడుచుకున్నాడు. నాలుగో చక్రం కూడా చూసి, ఆమె వచ్చి పక్కన కూర్చునేదాకా ఆయన బండి స్టార్టు చెయ్యలేదు.